అర్ధరాత్రి ఒక గ్లాసు నీళ్లు

గ్లాసు నీళ్లలో ఉప్పు వేసి కలుపుతూ పోతే కాసేపటికి ఇక కరగదు, అడుగున పేరుకుంటుంది. దాన్ని సంతృప్త ద్రావణం అంటారని మీరు చదివారు కదా! కొందరి మూత్రంలో ఇదే జరిగి రాళ్లు ఏర్పడతాయి.

1810లో ఇంగ్లండులో వొలాస్టన్ అనే శాస్త్రజ్ఞుడు మూత్రాశయంలోని ఒక రాయిని పరీక్షించి, అంతవరకు ఎవరూ ఎరుగని పదార్థాన్ని కనుగొన్నాడు. అదే సిస్టిన్. ఇది విషమేమీ కాదు. మన వెంట్రుకల్లో, గోళ్లలో పుష్కలంగా ఉండే, గంధకంతో కూడిన అమైనో ఆమ్లం. మూత్రపిండం రక్తాన్ని వడగట్టినప్పుడు జారిపోయే సిస్టిన్‌ను అక్కడి సన్నని నాళికలు తిరిగి పీల్చుకుంటాయి. సిస్టిన్యూరియా అనే వ్యాధిలో ఆ పని సరిగా జరగదు.

ఇది పుట్టుకతో వచ్చేది. సాధారణంగా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యువులు వస్తేనే బయటపడుతుంది. తల్లిదండ్రులిద్దరికీ ఏ బాధా లేకపోవచ్చు. మెండెల్ బఠాణీలు గుర్తున్నాయా? వారికి పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం. అందుకే ఒకరికి ఈ వ్యాధి తేలితే తోబుట్టువులకూ మూత్రపరీక్ష చేయించాలి.

ఇక లెక్క చేద్దాం. లీటరు మూత్రంలో సుమారు 250 మి.గ్రా. సిస్టినే కరుగుతుంది. రోజుకు 750 మి.గ్రా. విసర్జించే రోగికి ఎంత మూత్రం కావాలి? మూడు లీటర్లు. మన ఎండల్లో చెమటగా పోయేది వేరు, కనుక తాగవలసింది ఇంకా ఎక్కువ.

పగలంతా తాగి రాత్రి ఊరుకుంటే? ఎనిమిది గంటల నిద్రలో 250 మి.గ్రా. వస్తుంది. మూత్రం అర లీటరే అయితే అందులో సగం కరగకుండా మిగిలి, ఆరు భుజాల స్ఫటికాలు కడుతుంది. కనుక పడుకోబోయే ముందూ, నడిరేయి ఒకసారి లేచీ నీళ్లు తాగాలి. 1955లోనే డెంట్, సీనియర్ అనే వైద్యులు ఈ నీటి చికిత్స గురించి రాశారు. చెప్పడం తేలిక, ఏళ్ల తరబడి చేయడం కష్టం. మాటిమాటికీ బయటికి వెళ్తానన్న పిల్లవాణ్ణి ఒకప్పుడు నేనూ కసిరాను. కారణం అడగలేదు.

ఉప్పు ఎక్కువైతే మూత్రంలో సిస్టిన్ పెరుగుతుంది. ఊరగాయలు, అప్పడాలు తగ్గించాలి. ఆమ్ల మూత్రంలో సిస్టిన్ సరిగా కరగదు, పి.హెచ్. 7 దాటితే మెరుగు. అందుకు వైద్యులు పొటాషియం సిట్రేటు ఇస్తారు. అదీ చాలకపోతే టయోప్రోనిన్ వంటి మందు సిస్టిన్ అణువులో రెండు గంధక పరమాణువుల మధ్య ఉన్న బంధాన్ని విడదీసి, సులువుగా కరిగేలా చేస్తుంది. ఇవన్నీ వైద్యుని పర్యవేక్షణలోనే.

మూత్రపిండాల్లో రాళ్లు ఎక్కువమందికి కాల్షియంవే. సిస్టిన్ రాళ్లు అరుదు. ఏ రాయో తెలియాలంటే పడిపోయిన రాయిని పారేయకుండా పరీక్షకు పంపాలి.