అతిమధురంలో 'అతి'

(బి.ఎస్సి. తృతీయ సంవత్సరం విద్యార్థి)

వేరు అనగానే మాలాంటి రైతు కుటుంబాలవాళ్ళకి చేనే గుర్తొస్తుంది. నేను ఇక్కడ చెప్పబోయే వేరు మాత్రం మా చేలో పండేది కాదు. పచారీ కొట్లో పొట్లం కట్టి ఇచ్చే అతిమధురం. గొంతు బొంగురుపోతే ఒక ముక్క బుగ్గన పెట్టుకోమని చెప్పే పెద్దలు మన తెలుగునాట ప్రతి ఊళ్ళోనూ ఉంటారు.

కిందటేడు మా నాయనమ్మకి పొడిదగ్గు పట్టుకుంది. "కాస్త అతిమధురం తెచ్చిపెట్టరా" అంది. సెలవులకి ఇంటికెళ్ళిన నేనే పావుకిలో కొని తెచ్చాను. పొద్దున కషాయం, మధ్యాహ్నం నమలడానికి ఒక ముక్క, రాత్రికి మళ్ళీ కషాయం. దగ్గు తగ్గింది. తియ్యగా ఉంది కదా అని ఆవిడ మాత్రం మానలేదు. ఇంకో పావుకిలో నాన్నచేత తెప్పించుకుంది. రెండు నెలలు తిరిగేసరికి కాళ్ళు వాచాయి, బీపీ పెరిగింది, కూర్చుంటే లేవలేనంత నీరసం. డాక్టరుగారు రక్తపరీక్ష చేయించి, పొటాషియం బాగా పడిపోయిందన్నారు. "బీపీ బిళ్ళలు కాక ఇంకేమైనా వాడుతున్నారా?" అని అడిగితే ఇంటిల్లిపాదీ "ఏమీ లేదండీ" అన్నాం. అబద్ధం చెప్పాలని కాదు. అతిమధురం కూడా మందేనని మాకు తోచలేదు. ఆయన గుచ్చిగుచ్చి అడిగితేనే సంగతి బయటపడింది.

తెచ్చిచ్చింది నేను. బోటనీ, కెమిస్ట్రీ చదువుతున్నదీ నేనే. ఆ సిగ్గుతోనే ఈ వేరును గురించి చదవడం మొదలుపెట్టాను. మన ఆయుర్వేదంలో యష్టిమధువుగా దీనికి మంచి స్థానమే ఉంది. కాని దీనికి మరీ పెద్దపీట వేసింది చైనా సంప్రదాయ వైద్యం అని అప్పుడే తెలిసింది.

చైనాలో దీని స్థానం

చైనావారు దీన్ని 'గాన్‌త్సావ్' అంటారు. 'తియ్యని గడ్డి' అని అర్థం. నిజానికిది గడ్డి కాదు. మన కంది, వేరుశనగల కుటుంబానికే చెందిన మొక్క. చైనావారి అధికారిక ఔషధ గ్రంథం ఈ పేరు కింద మూడు జాతులను అంగీకరిస్తుంది. వాటిలో ముఖ్యమైనది గ్లైసిరైజా యురాలెన్సిస్. మన కొట్లలో దొరికే అతిమధురం సాధారణంగా గ్లైసిరైజా గ్లాబ్రా. అదీ ఆ మూడింటిలో ఒకటే. కనుక అక్కడి అనుభవం మనకీ వర్తిస్తుంది.

సుమారు రెండు వేల ఏళ్ళనాటి 'షెన్‌నుంగ్ మూలికా గ్రంథం' దీన్ని ఉత్తమ శ్రేణి మందులలో చేర్చింది. పూర్వులు దీనికి 'గువోలావ్', అంటే రాజ్యానికి పెద్ద, అనే బిరుదు కూడా ఇచ్చారు. ఊళ్ళో తగవు తీర్చే పెద్దమనిషిలా, ఘాటైన మందుల మధ్య చేరి వాటి దూకుడు తగ్గిస్తుందని వారి నమ్మకం. అందుకే చైనా మందుల మిశ్రమాలు ఎన్నింటిలోనో ఇది కొద్దిగానైనా కనిపిస్తుంది.

ఉపయోగాలు

పచ్చిగా ఎండబెట్టిన వేరును గొంతునొప్పికి, దగ్గుకి, పుండ్లకి వాడతారు. తేనె పట్టించి వేయించిన వేరును జీర్ణశక్తి తగ్గినవారికి, గుండెదడ ఉన్నవారికి ఇస్తారు. పియోనీ అనే మొక్క వేరుతో కలిపి కాచిన కషాయం పిక్కలు పట్టేయడానికి పేరుపొందింది. జపానులో ఇప్పటికీ డాక్టర్లు దాన్ని రాస్తారు. పాశ్చాత్యులు కూడా ఈ వేరులోని పదార్థం ఆధారంగా కార్బెనాక్సలోన్ అనే కడుపుపుండ్ల మందును తయారుచేశారు.

జాగ్రత్తలు

పాత చైనా వైద్యులు దీన్ని గుడ్డిగా వాడలేదు. జెముడు జాతికి చెందిన రెండు వేర్లతోనూ, ఒక పువ్వుతోనూ, ఒక రకం సముద్రపు నాచుతోనూ దీన్ని కలపరాదని నియమం పెట్టుకున్నారు. మోతాదు రోజుకి 2 నుంచి 10 గ్రాములని వారి ఔషధ గ్రంథం చెబుతుంది. ఎక్కువగా, ఎక్కువకాలం వాడితే ఒంట్లో నీరు చేరుతుందని నేటి చైనా వైద్యులు కూడా చెబుతారు.

1946లో నెదర్లాండ్స్‌లో రెవర్స్ అనే డాక్టరు ఇదే గమనించాడు. అతిమధురం సారంతో కడుపుపుండ్లు తగ్గుతున్నాయి గాని, కొందరికి ఒళ్ళు వాస్తోంది. దీని వెనుక ఉన్న కీలకం 1987 నాటికి తేటపడింది. మన ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను ఉంది. మూత్రపిండాలలో ఒక ఎంజైము దాన్ని కార్టిసోన్‌గా మార్చి నిర్వీర్యం చేస్తుంటుంది. అతిమధురానికి తీపినిచ్చే గ్లైసిరైజిన్ పేగుల్లో విడిపోయి ఆ ఎంజైమును అడ్డుకుంటుంది. తూము దగ్గర కాపలా మనిషిని పక్కకి తప్పిస్తే చేను మునిగినట్టే ఇక్కడా జరుగుతుంది. అడ్డులేని కార్టిసాల్, ఉప్పునీ నీటినీ ఒంట్లో నిలిపేసి పొటాషియాన్ని మూత్రంతో బయటికి తోలేస్తుంది. పొటాషియం తగ్గితే కండరాలు నీరసిస్తాయి. గుండె లయ కూడా తప్పవచ్చు.

ఒక చిన్న లెక్క వేద్దాం. రోజూ తీసుకునేవారు గ్లైసిరైజిన్ 100 మిల్లీగ్రాములు మించకపోవడం మంచిదని యూరపు ఆహార శాస్త్రజ్ఞుల సలహా. మంచి వేరులో అది కనీసం 2 శాతం ఉండాలని చైనా ప్రమాణం. అంటే 5 గ్రాముల వేరులోనే 100 మిల్లీగ్రాములు! మా నాయనమ్మ 60 రోజుల్లో అరకిలో వాడింది. రోజుకి 8 గ్రాములు దాటింది. కషాయంలోకి సారమంతా దిగలేదనుకున్నా, నెలల తరబడి అది తక్కువేమీ కాదు. పైగా ఆవిడ బీపీ మందుల్లో ఒకటి మూత్రం ఎక్కువగా పోయే బిళ్ళ. అదీ పొటాషియాన్ని తగ్గించేదే. చైనా వైద్యుడు 10 గ్రాములు రాసినా, రోగిని చూస్తూ కొద్దిరోజులకే రాస్తాడు. మనం వాడేటప్పుడు ఆ చూసే మనిషి లేడు. తేడా అంతా అక్కడే ఉంది.

కనుక బీపీ, గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భిణులు, డిగాక్సిన్ గాని మూత్రం బిళ్ళలు గాని వాడేవారు దీని జోలికి పోకపోవడం మంచిది.

ఈ వేరు విషయంలో మితి తప్పితే నష్టం మనిషికే కాదు, నేలకీ ఉంది. చైనా ఉత్తర, వాయవ్య ప్రాంతాల మెట్టనేలల్లో దీనికోసం విచ్చలవిడిగా తవ్వితే ఇసుక కదిలి భూములు ఎడారులయ్యాయి. చివరికి 2000లో అక్కడి ప్రభుత్వం ఆ తవ్వకాన్ని కట్టడి చేయవలసి వచ్చింది. యూరియా చేనుకి మంచిదే. ఎక్కువైతే పైరు పడిపోతుందని మా ఊళ్ళో అందరికీ తెలుసు. మందు దగ్గరికి వచ్చేసరికే ఆ సంగతి మరిచిపోతాం. తీపి కదా, చెట్టుమందు కదా అనుకుంటాం. దీని పేరులోనే 'అతి' ఉన్న సంగతి గమనించం.

అతిమధురం మానేశాక, డాక్టరుగారి మందులతో కొన్ని వారాలకి నాయనమ్మ కోలుకుంది. మిగిలిన పొట్లాన్ని నేను పారేయలేదు. దానిమీద ఒక కాగితం అంటించాను: 'గొంతుకి మాత్రమే. నాలుగు రోజులు చాలు. నాయనమ్మకి వద్దు.'

మిత్రులారా! ఈసారి ఇంటికెళ్ళినప్పుడు మీ పెద్దవాళ్ళు వాడే చూర్ణాలు, కషాయాలు ఏమిటో ఒకసారి కనుక్కోండి. వాళ్ళని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేటప్పుడు వాటి పేర్లు కూడా ఒక చీటీ మీద రాసి పట్టుకెళ్ళండి.