జీపు ఇంజనుకు బలము కూర్చుట: ఇంటివద్ద పని ఆరంభించుటకు ముందు

కొండదారులలోను, బురదనేలలలోను, ఇసుక వాగులలోను జీపు నడుపువారందరును ఏదో యొకనాడు ఈ ఇంజనుకు ఇంకొంచెము బలముండిన బాగుండునని తలచుదురు. ఈ కోరిక న్యాయమైనదే. కాని బలమనగా ఏమి, అది ఇప్పుడెచ్చట పోవుచున్నది, దానిని రాబట్టుటకు ఎంత ఖర్చగును, రాబట్టిన బలమును బండిలోని తక్కిన భాగములు మోయగలవా అను ప్రశ్నలకు జవాబులు కాగితముపై వ్రాసికొనక మునుపే ఇంజనును దించివేయువారు పెక్కుమంది కలరు. అట్లు దించిన ఇంజను నెలల తరబడి వసారాలో గోనెపట్టా క్రింద పడియుండును. ఆ బండిపై బ్రతుకు గడుపుకొను కుటుంబమునకు అది చిన్న నష్టము కాదు. కనుక పానా చేతబట్టుటకు ముందు చేయవలసిన ఆలోచనను గూర్చి ఈ వ్యాసమున వివరింపదలచినాము. ఉదాహరణగా విల్లీస్ జాతి పెట్రోలు జీపును గ్రహించినాము. దాని చరిత్రలోనే మనకు మొదటి పాఠమున్నది.

1938లో డెల్మార్ రూస్ అను ఇంజనీరు అమెరికాలోని విల్లీస్-ఓవర్‌లాండ్ సంస్థలో చేరెను. ఆ సంస్థవారి నాలుగు సిలిండర్ల ఇంజను నాడు 48 అశ్వశక్తి మాత్రమే ఇచ్చుచుండెను. సిలిండరు వ్యాసము 3 1/8 అంగుళములు, పిస్టను నడక 4 3/8 అంగుళములు. మొత్తము ఘనపరిమాణము 2199 ఘన సెంటీమీటర్లు. రూస్ ఈ కొలతలను ముట్టుకొనలేదు. భాగముల నడుమ సందులను సరిచేసి బిగించెను. గట్టి మిశ్రలోహములను, అల్యూమినియము పిస్టనులను వాడెను. ఫ్లైవీలు బరువు తగ్గించెను. ఫలితముగా అదే ఇంజను నిమిషమునకు 4000 చుట్ల వద్ద 60 అశ్వశక్తి నిచ్చినది. రెండవ ప్రపంచయుద్ధమున జీపును నడిపిన 'గో డెవిల్' ఇదియే. 1950లో అదే దిమ్మెకు పైమూతను మార్చి, గాలి లోనికి పోవు వాల్వులను హెడ్డులోనికి ఎక్కించి, పొగ వెడలు వాల్వులను దిమ్మెలోనే ఉంచి, 'హరికేన్' అను పేరుతో 72 అశ్వశక్తి రాబట్టిరి. 48 నుండి 72! ఘనపరిమాణము మాత్రము వెంట్రుకవాసి యైనను పెరుగలేదు. బలము కొలతల నిర్దుష్టతలోను, ఊపిరి పీల్చు సౌలభ్యములోను ఉన్నదని ఇంతకంటె తేటగా చెప్పు ఉదాహరణము మాకు కనబడదు.

ఈ జీపు మన దేశమునకు వచ్చిన వృత్తాంతమును ఒక్క మాటలో చెప్పి ముందుకు సాగెదము. 1945లో మహీంద్రా సోదరులును మాలిక్ గులాం ముహమ్మద్‌గారును కలసి 'మహీంద్రా అండ్ మొహమ్మద్' అను సంస్థను స్థాపించిరి. గులాం ముహమ్మద్‌గారు అలీగఢ్ విద్యార్థి. నిజాం ప్రభుత్వమున ఆర్థిక వ్యవహారములు చూచినవారు. దేశవిభజన పిమ్మట పాకిస్తాను మొదటి ఆర్థికమంత్రి యైరి. 1948లో సంస్థ పేరు 'మహీంద్రా అండ్ మహీంద్రా' గా మారినది. ఆ సంస్థ కూర్చిన విల్లీస్ నమూనా జీపులే దశాబ్దముల తరబడి మన ఏజెన్సీ దారులలో తిరిగినవి.

ఇక అసలు విషయమునకు వత్తము. అశ్వశక్తి యనునదియు, ఇరుసును తిప్పెడు బలమైన టార్కు అనునదియు ఒకటి కావు. హరికేన్ ఇంజను 2000 చుట్ల వద్ద 114 అడుగు-పౌండ్ల టార్కు నిచ్చును. టార్కును చుట్లతో గుణించి 5252 చేత భాగించిన అశ్వశక్తి వచ్చును; అనగా 2000 చుట్ల వద్ద దాని శక్తి 43 మాత్రమే. 4000 చుట్ల వద్ద శక్తి 72కు పెరుగును గాని టార్కు సుమారు 95కు దిగిపోవును. ఘాటు రోడ్డు మలుపులో రాళ్లపై మెల్లగా ఎక్కు బండికి అక్కరకు వచ్చునది 72 కాదు, 114. చుట్లు పెంచి శక్తి పెంచు పందెపుకార్ల పద్ధతి జీపునకు పనికిరాదనుటకు ఇదియే కారణము.

ఇంజను ఇచ్చు టార్కు చక్రమునకు చేరులోపల గేర్లచే అనేక రెట్లు పెరుగును. విల్లీస్ సీజే-3బి జీపులో మొదటి గేరు నిష్పత్తి 2.798, తక్కువ వేగపు ట్రాన్స్‌ఫర్ గేరు 2.46, ఇరుసు గేరు 5.38. ఈ మూటిని గుణించిన 37 వచ్చును. ఇంజను వద్ద ఒక పాలు బలము చక్రమువద్ద, ఒరిపిడి నష్టమును విడిచినచో, 37 పాళ్లగును. ఇప్పుడు ఒక చిక్కు చూడుడు. బండికి మొదట ఉన్న టైరు ఎత్తు సుమారు 28 అంగుళములు. అందముకొరకో, రాళ్లను దాటుటకొరకో 31 అంగుళముల టైరు తొడిగినచో నేలపై లాగుడు బలము పదవవంతు తగ్గిపోవును. పెద్ద టైర్లు తొడిగి, పిమ్మట బలము చాలలేదని ఇంజను దించుట ఒక చేతితో తీసి మరొక చేతితో వెదకుట వంటిది. ఇంజను పనికి పూనుకొనక మునుపు టైరు కొలతను, గేర్ల నిష్పత్తిని నోటుపుస్తకములో మొదటి పుటలో వ్రాసికొనవలెను.

రెండవ పుట ఇంజను ఇప్పటి ఆరోగ్యమునకు చెందును. అనుభవజ్ఞుడైన ఉస్తాదు చెవియొగ్గి విని రోగము చెప్పగలడు. అతని విద్యను మేము తక్కువ చేయము. అయినను అంకెలు కావలెను. ఇంజను వేడెక్కిన పిమ్మట ప్లగ్గులన్నియు తీసి, కార్బురేటరు తలుపు పూర్తిగా తెరచి, ఒక్కొక్క సిలిండరు ఒత్తిడిని గేజితో చూడవలెను. ఏదేని సిలిండరులో ఒత్తిడి తగ్గినచో దానిలో చెంచాడు ఇంజను ఆయిలు పోసి మరల చూడవలెను. ఒత్తిడి పెరిగినచో రింగులో సిలిండరు గోడయో అరిగినదని అర్థము; పెరుగనిచో లోపము వాల్వులయందుండును. ప్రక్కప్రక్కనున్న రెండు సిలిండర్లు కలసి తగ్గినచో హెడ్ గ్యాస్కెట్టును అనుమానింపవలెను. ఆయిలు ఒత్తిడి, రేడియేటరు వేడి, ఇగ్నిషను టైమింగు కూడ చూడవలెను. టైమింగు తప్పుటచేతను, కార్బురేటరులో మురికి చేరుటచేతను, బ్రేకులు పట్టుకొనియుండుటచేతను నీరసించిన బండ్లకు ఇంజను దించవలసిన పనియే లేదు. అట్టివాని యజమానులు ఈ వ్యాసమును ఇంతటితో ముగించి ఒక పూటలో పని తీర్చుకొనవచ్చును.

దించక తప్పదని తేలినవారికి, ఏ మార్పువలన ఎంత లాభమో లెక్క చూపెదము. రీబోరు చేయించినచో ఇంజను పెద్దదై బలము పెరుగునని పలువురి నమ్మకము. 40 వేలవంతుల అంగుళము పెంచి బోరు చేసినచో ఘనపరిమాణము పెరుగునది నూటికి రెండున్నర పాళ్లు; 60 వేలవంతులు పెంచినను నాలుగు పాళ్లకు లోపే. రీబోరు వలని నిజమైన మేలు పరిమాణము కాదు, గుండ్రనితనము. అండాకారముగా అరిగిన సిలిండరులో రింగులు ఎంత క్రొత్తవైనను వాయువును ఆపజాలవు. కనుక ఎంత తక్కువ కోసిన గోడ శుభ్రపడునో అంతే కోయించవలెను. మిగిలిన లోహము రేపటి రీబోరుకు పెట్టుబడి.

సంపీడన నిష్పత్తి పెంచుట రెండవ మార్గము. ఆటో చక్రపు సూత్రము భౌతికశాస్త్ర విద్యార్థులకు తెలిసినదే. నిష్పత్తి 6.9 ఉన్నపుడు ఆదర్శ దక్షత 53.8 శాతము, దానిని 8కి పెంచినచో 56.5 శాతము. అనగా సిద్ధాంతరీత్యా నూటికి అయిదు పాళ్ల లాభము. దీనికై ప్రతి సిలిండరు పైనున్న దహనపు గది 93 ఘన సెంటీమీటర్ల నుండి 78.5కు తగ్గవలెను. హెడ్డును ఎంత గీయించవలెనో ఊహించి చెప్పుట అపాయము. హెడ్డును తలక్రిందులుగా సమతలముగా నిలిపి, వాల్వులు మూసి, గాజుపలక కప్పి, రసాయనశాలలోని బ్యూరెట్టుతో పలుచని ఆయిలు పోసి గది ఘనపరిమాణమును కొలువవలెను. ఈ ఇంజనులో గది కొంత దిమ్మె పైభాగమున కూడ ఉన్నందున ఆ భాగమును, గ్యాస్కెట్టు మందమును వేరుగా లెక్కించి కలుపవలెను. నాలుగు గదులును సమానముగా ఉండుట వాని సగటు కంటె ముఖ్యము. మితిమీరి పెంచినచో ఎక్కుడులో ఇంజను కొట్టుకొనును. కొట్టుకొను ఇంజను పిస్టనులను కరగించుకొనును.

ఎత్తు ప్రదేశములకు పోవువారు మరియొక సంగతి గుర్తింపవలెను. అరకు లోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. అచ్చట గాలి నూటికి ఎనిమిది పాళ్లకు పైగా పలుచన. ఇంజను బలమును దాదాపు అంతే తగ్గును. విశాఖపట్టణములో సరిచేసిన కార్బురేటరు కొండపైన పెట్రోలు ఎక్కువ పోయుచున్నట్లగును. మరియు నేడు పంపులలో దొరకు పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు ఉన్నది. అదే గాలికి ఇథనాలు ఎక్కువ పాళ్లలో కావలెను. పాత జెట్టుతో మిశ్రమము పలుచబడును. పాత రబ్బరు గొట్టములను, పెట్రోలు పంపు పొరను కూడ అది చెరచును. క్రొత్త ఇంజనులో పాత గొట్టమును తగిలించుట అగ్నిని పిలుచుటయే.

రెండు కార్బురేటర్లు పెట్టుదమను ఉత్సాహవంతులకు ఒక మాట. హరికేన్ ఇంజనులో గాలి పీల్చు మార్గము హెడ్డుతో ఏకముగా పోతపోయబడినది. విప్పి మార్చుటకు వీలు లేదు. ఆ మార్గములోని పోతగరుకును నునుపు చేయుట, వాల్వు ఆసనములను సరియైన కోణమున కోయించుట, గ్యాస్కెట్టు అంచు దారికి అడ్డురాకుండ చూచుట, సైలెన్సరు గొట్టములో మసి లేకుండ చేయుట — ఇవి తక్కువ ఖర్చుతో జరుగునవి. మా అభిప్రాయమున ఇంటిలో పనిచేయువాడు తన శ్రమలో పెద్దపాలు ఇచ్చటనే వెచ్చించవలెను.

చేయరానిది చుట్లు పెంచుట. 111 మిల్లీమీటర్ల నడక గల పిస్టను 4000 చుట్ల వద్దనే సెకనుకు సగటున 14.8 మీటర్ల వేగముతో పరుగెత్తును. 5000 చుట్లకు పోయినచో కనెక్టింగు రాడ్లపై జడత్వ బలము ఒకటిన్నర రెట్లు మించును. క్రాంకును మోయునవి మూడే మూడు మెయిన్ బేరింగులు. అంతేకాక పెరిగిన బలము క్లచ్చిపైనను, రేడియేటరుపైనను, బ్రేకులపైనను పడును. సీజే-3బి బ్రేకు డ్రమ్ములు తొమ్మిది అంగుళములవి. ఎక్కునపుడు ఇంజను తోడ్పడును. జనముతో నిండిన బండి దిగునపుడు ప్రాణములు ఆ డ్రమ్ముల చేతిలో ఉండును. ఖర్చు పట్టికలో బ్రేకుల వరుస ఇంజను వరుసకంటె ముందుండవలెనని మేము గట్టిగా చెప్పుచున్నాము. వేరొక జాతి ఇంజనును పెట్టదలచినవారు 1988 మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షనును చదువవలెను. తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదని 2019లో సుప్రీంకోర్టు కూడ స్పష్టము చేసినది.

పనిని రెండుగా పంచుకొనవలెను. విప్పుట, కడుగుట, కొలుచుట, కూర్చుట ఇంటివద్ద చేసికొనవచ్చును. బోరింగు, క్రాంకు గ్రైండింగు, పగుళ్ల పరీక్ష, వాల్వు ఆసనముల కోత యంత్రశాలకు విడువవలెను. పిస్టనులు చేతికి వచ్చిన పిమ్మటనే సిలిండర్లు కోయించవలెను. ముందు కోయించి పిమ్మట ఆ సైజు దొరకక అంగళ్ల చుట్టు తిరుగువారిని చూచియున్నాము. పాత జీపు భాగములు ఒకేచోట దొరకు కాలము కాదిది. ఇంజనును ఎత్తు గొలుసుకప్పీని ఇంటి వాసమునకు కట్టరాదు. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి క్రిందికి ఎవ్వరును దూరరాదు.

విప్పునపుడు ప్రతి బేరింగు మూతకు, రాడ్డుకు, వాల్వుకు దాని స్థానపు సంఖ్య వ్రాసిన చీటీ కట్టవలెను. ఒకదాని మూత మరియొకదానికి పనికిరాదు. నాలుగు పిస్టనులను, నాలుగు రాడ్లను కంసాలి త్రాసులో తూచి బరువులు సరిచూచుట ఖర్చులేని పని. దానివలన ఇంజను నెమ్మదిగా, అదురులేక తిరుగును. హెడ్డు బోల్టులలో ఒకటి కార్బురేటరు క్రింద, గాలి మార్గములోపల దాగియుండును. దానిని మరచి హెడ్డును ఊడబెరుకువారు హెడ్డునే పగులగొట్టుకొందురు; బిగించునపుడు మరచినవారు గ్యాస్కెట్టును కాల్చుకొందురు. బోల్టులను నడుమనుండి అంచులవైపు, చేతిపుస్తకము చెప్పిన వరుసలో, 60 నుండి 70 అడుగు-పౌండ్ల వరకు టార్కు రెంచితో మూడు విడతలుగా బిగించవలెను.

ఇంజను నడిచిన పిమ్మట మొదటి అయిదువందల మైళ్లు బరువు తక్కువగా వేసి, ఒకే వేగమున కాక వేగము మార్చుచు నడుపవలెను. మొదటి ఆయిలును తొందరగా మార్చి, తీసిన ఆయిలులో లోహపు రజను ఎంత ఉన్నదో అయస్కాంతముతో చూడవలెను. వాల్వు సందులను మరల సరిచూడవలెను. అటు తరువాత నాలుగు సిలిండర్ల ఒత్తిడిని తిరిగి కొలిచి, నోటుపుస్తకము రెండవ పుటలో, దించక మునుపు వ్రాసిన అంకెల ప్రక్కన తేదీతో సహా వ్రాసికొనవలెను.