జడ ఉంచుకో చెల్లీ, బరువు దించుకో

ఒత్తు జుట్టున్నోళ్ల కష్టం పల్చని జుట్టోళ్లకు చెప్పినా ఎక్కదు చెల్లీ. "దేవుడిచ్చిన వరమే అది, దానికీ ఏడుస్తావా?" అంటారు. తలకు పోసుకున్న రోజు మధ్యాహ్నం దాటినా లోపలి పాయ ఆరదు. ఆరకముందే ముడేస్తే సాయంత్రానికి ముక్కవాసన. మే నెల పొద్దుటూరు ఎండలో మెడ మీద కంబళి కప్పుకున్నట్టే ఉంటుంది. క్లచ్చరు పెడితే నోరు మూసుకోదు, రబ్బరు బ్యాండు రెండు చుట్లకే తెగుతుంది.

విసుగు ముదిరితే మనోళ్లు చేసేవి రెండే. ఉండబట్టలేక భుజాల దాకా కత్తిరించేసుకుని, వచ్చే పెళ్లికి జడ లేదని ఏడుస్తారు. లేదంటే వేలకు వేలు పోసి స్ట్రెయిటెనింగ్ చేయించుకుంటారు. నా మాట విను, రెండూ వద్దు. జడ జడగానే ఉంచుకుని బరువు మాత్రం దించుకునే దారి ఉంది. ఏడాదికి రెండుసార్లు పార్లరుకు పోతే చాలు.

నడుము దాకా ఉన్న జుట్టయితే కింద నుంచి నాలుగైదు అంగుళాలు తీయించు. పీచులాగైపోయిన కొనలన్నీ దాంతోనే పోతాయి. అంచు యూ కట్. లేయర్లు ఒకటో రెండో, అవి కూడా భుజం కిందికి వచ్చాకే మొదలవ్వాలి. పార్లరామె కుర్చీలో కూర్చోబెట్టగానే ఒకటే మాట చెప్పు: "అన్నిట్లోకీ పొట్టి పాయ కూడా జడలో ఇమడాల." అంతకన్నా పైన లేయరు పడిందంటే జడ పొడుగునా కొనలు బయటికొస్తాయి, రోజూ పిన్నులతో కుస్తీనే.

ముందర ఫ్రింజ్ మాత్రం ఎంత ముద్దొచ్చినా వద్దు. నెల తిరిగేలోపు కళ్లలో పడుతుంది, చెమటకు నుదుటికి అతుక్కుంటుంది, మళ్లీ పార్లరు ఖర్చు. ఇంకోటి, కొందరు ఒత్తు జుట్టు చూడగానే పళ్ల కత్తెర తీస్తారు. పల్చన చేస్తామంటారు. కొనల దగ్గర నాలుగు వేళ్ల మేర వాడితే సరే. మాడు దగ్గర పెట్టనిచ్చావో, తెగిన పొట్టి వెంట్రుకలు రెండు నెలలకు నిక్కబొడుచుకుని ఉన్న జుట్టును ఇంకా ఒత్తుగా చూపిస్తాయి. ఆ కత్తెర పైకి పోతుంటే చెయ్యి పట్టుకుని ఆపు, మొగమాటపడొద్దు.

అంగుళాల్లో చెప్పడం కూడా మానుకో. నీ అంగుళం వేరు, ఆమె అంగుళం వేరు. అద్దం ముందు జుట్టు ముందుకేసుకుని వేలితో చూపించు. తడి జుట్టు సాగుతుంది, ఆరాక పైకి లేస్తుంది; ఉంగరాల జుట్టయితే మరీను. అందుకే మొదట అనుకున్నదానికన్నా కొంచెం తక్కువే తీయమను. చాలకపోతే ఇంకోసారి తీయొచ్చు, తీసేసినదాన్ని అతికించలేరు కదా.

పార్లరుకు పోయేముందు అమ్మనో, అత్తనో ఒక మాట అడుగు. ఎవరో నీ పేరు మీద తిరుపతి మొక్కు పెట్టి ఉండొచ్చు. మన కడప జిల్లా ఇళ్లల్లో ఇది మామూలే. దేవుని కడపనే తిరుమలకు తొలి గడప అనుకునేవాళ్లం మరి. జుట్టు కోసుకుని ఇంటికొచ్చాక "అయ్యో, కొండకు ఇస్తానని మొక్కితినే" అని పెద్దామె గుండెలు బాదుకుంటే నీకు నెల రోజులు మనశ్శాంతి ఉండదు. కళ్యాణకట్టలో ఆడవాళ్లు గుండే కొట్టించుకోవాలని ఏం లేదు, మూడు కత్తెరలిచ్చి వచ్చేవాళ్లు ఎంతమందో. డబ్బేం తీసుకోరు. మంగళ, శుక్రవారాల్లో వెంట్రుక తెంపకూడదని మీ ఇంట్లో పట్టింపుంటే బుధవారం పొద్దున్నే పో. లేదంటే మంగళవారమే మేలు. పార్లరు ఖాళీగా ఉంటుంది, ఆమె తీరిగ్గా కత్తిరిస్తుంది.

ఇంట్లోనే కోసుకుంటానంటావా, దానికీ దారుంది. చిక్కు తీసి, తడిపి, నడిమి పాపిట తీసి, జుట్టంతా రెండు భాగాలుగా భుజాల మీంచి ముందుకేసుకో. రెండు పక్కలా ఒకే ఎత్తున రబ్బరు బ్యాండు కట్టు, అద్దంలో సరిచూసుకో. బ్యాండు కింద కత్తెరను నిలువుగా పట్టుకుని చిన్నచిన్న కాట్లు పెడుతూ పో. అడ్డంగా ఒక్క వేటుతో కోయొద్దు. వెనక్కి వేసుకుంటే అంచు దానంతటదే యూ అవుతుంది, ఎందుకంటే వీపు నడిమి వెంట్రుక ముందుకు రావడానికి ఎక్కువ దూరం తిరుగుతుంది కాబట్టి అది పొడుగ్గా మిగులుతుంది. కత్తెర మాత్రం పదునుది, జుట్టుకే విడిగా ఉంచుకున్నది కావాలి. వంటింట్లో పాల ప్యాకెట్లు కోసే కత్తెరతో కోస్తే కొనలు నలిగి నెలకే చీలతాయి.

కత్తిరిస్తే గుబురుగా పెరుగుతుందంటారే, అది ఉత్తమాట. పెరిగేది మాడులోంచి, కత్తెర తగిలేది కొనకు. తల వెంట్రుక నెలకు సుమారు అర అంగుళం పెరుగుతుంది. అంటే ఆరునెలలకు మూడంగుళాలు. అందులో ఒక అంగుళం తీయించుకున్నా రెండంగుళాలు నీకే మిగులు. జడ పొట్టిదైపోతుందని భయపడకు.

ఇప్పుడు అసలు సంగతికొస్తా, నీళ్లు. జుట్టు గరుకెక్కితే మనం షాంపూను తిడతాం, నూనెను మారుస్తాం. సగం తప్పు మన కాళ్ల కింద ఉంది. ఇంట్లో పరుచుకున్న కడప బండ ఉందే, అది సున్నపురాయి. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల భూమి లోపలంతా ఆ రాయే. అక్కడ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది కూడా దాని కోసమే. వేంపల్లె, పులివెందుల వైపు డోలమైటు రాయి. ఆ రాళ్ల సందుల్లో ఊరిన బోరునీళ్లలో కాల్షియం, మెగ్నీషియం దండిగా కలుస్తాయి. బకెట్టు అంచుకు, హీటరు కడ్డీకి తెల్లగా పేరుకునేది అదే. ఆ నీళ్లతో తలకు సబ్బు రుద్దితే నురగ రాదు సరికదా, సబ్బూ కాల్షియమూ కలిసి జిగట పొరై వెంట్రుకకు అంటుకుంటాయి. ఆరాక తల గడ్డి గడ్డిగా ఉండేది అందుకే. కాబట్టి ఒంటి సబ్బు తలకు పెట్టొద్దు. కుంకుడుకాయకు, షాంపూకు ఆ పేచీ అంతగా లేదు.

పులివెందులలో మా పిన్నికూతురుంది. చిత్రావతి నీళ్లు కుళాయికి వచ్చిన రోజే తలకు పోసుకుంటుంది, బోరునీళ్లు గిన్నెలకూ బట్టలకూ. కుళాయి నీళ్లు దొరకనప్పుడు తలంతా బోరునీళ్లతో కడిగేసుకుని, ఆఖరి రెండు చెంబులు మాత్రం తాగే క్యాను నీళ్లు పోసుకో. అందులో ఒక చెంబులో అరచెక్క నిమ్మకాయ పిండితే ఆ తెల్లపొర కొంత కరుగుతుంది. తర్వాత రెండో చెంబుతో కడిగేసుకో. నిమ్మరసం ఒంటి మీద ఉండగా ఎండలోకి పోతే చర్మం కమిలి మచ్చలు పడతాయి. నిమ్మకాయ లేదు, తోటలో చీనీకాయలున్నాయి, అవి పిండుకోవచ్చా అని ఆ పిన్నికూతురే అడిగింది ఒకసారి. చీనీలో పులుపు తక్కువ, తీపి ఎక్కువ. చీమలు పడతాయి తల్లీ, తాగెయ్ అన్నా.

కుంకుడుకాయ అంటే ఇప్పటి పిల్లలు మొహం తిప్పేది పిప్పి గురించే. ఒత్తు జుట్టులో ఇరుక్కున్న పిప్పి రెండు రోజులు రాలుతూనే ఉంటుంది. కాయలు కొట్టి గింజ తీసి, పొట్టును రాత్రే ఉడుకునీళ్లలో నానెయ్యి. పొద్దున పిసికి, పాత నూలుబట్టలో ఒకసారి కాదు, రెండుసార్లు వడకట్టు. షాంపూ వాడుకునేవాళ్లు ప్యాకెట్టును నేరుగా తల మీద పిండొద్దు. చెంబులో నీళ్లకు కలిపి మాడుకు మాత్రం పట్టించు, కిందికి జారే నురగ చాలు కొనలకు. రెండు ప్యాకెట్లు పట్టే తలకు ఒకటి సరిపోతుంది. షాంపూ ఇట్లా చిన్న ప్యాకెట్టులో మన చేతికి రావడం వెనక తమిళనాడులోని కడలూరుకు చెందిన తండ్రీకొడుకులు ఉన్నారు. ప్యాకెట్టు ఆలోచన తండ్రి చిన్నికృష్ణన్‌ది. కొడుకు రంగనాథన్ 1983లో సొంతంగా వ్యాపారం పెట్టి, నాన్న పేరు కలిసొచ్చేట్టు చిక్ షాంపూ తెచ్చాడు. సీసా కొనలేని ఇళ్లల్లోకి షాంపూ వచ్చింది ఆ దారినే.

చమురు సంగతి. తలకు పోసుకున్నాక చమురు పూసుకుని బజారుకు పోతే దుమ్మంతా తలలోనే. తలకు పోసుకునే ముందు రాత్రి పెట్టుకో, అదీ కొనలకు ఎక్కువ. తడిసినప్పుడు వెంట్రుక ఉబ్బుతుంది, ఆరినప్పుడు ముడుచుకుంటుంది. ఊరికే ఊరికే ఇట్లా జరిగితే బలహీనపడుతుంది. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, ప్రోటీను పోకుండా కాపాడుతుందని 2003లో మన దేశంలో పరిశోధన చేసినవాళ్లు చూపించారు. పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ ఆ పని చేయలేదు. చేసింది కొబ్బరినూనె అమ్ముకునే కంపెనీవాళ్లే అనుకో, అయినా మన అవ్వలు ఊరికే చెప్పలేదని తెలిసింది. ఆముదం చిక్కన, ఒత్తు జుట్టులోంచి వదిలేసరికి తాతలు దిగొస్తారు. నాకైతే వద్దు.

తుడుచుకోవడానికి టర్కీ టవలు పక్కన పెట్టి పాత నూలు పంచె తీసుకో. రుద్దొద్దు, పిండి చుట్టు. తడి వెంట్రుకను గుంజితే తెగుతుంది కాబట్టి వేళ్లతో చిక్కు విడదీసి, వెడల్పు పళ్ల దువ్వెనతో కింద నుంచి పైకి దువ్వు. మిద్దె మీద నీడలో గాలికి ఆరితే చాలు, డ్రయ్యరు కొనే డబ్బు మిగిలినట్టే.

రోజువారీకి మూడు వేషాలు చాలు. కాలేజీకి, ఆఫీసుకు వదులు జడ. ఎండలో జడను చుట్టి క్లచ్చరు, కానీ పెద్ద సైజుది ఒకటి మంచిది కొను, పది రూపాయలవి పది కొని విరగ్గొట్టుకోకు. రాత్రి వదులుగా అల్లుకుని పడుకో. రబ్బరు బ్యాండ్ల బదులు టైలరు దగ్గర మిగిలిన జాకెట్టు ముక్కలకు ఎలాస్టిక్ పెట్టి కుట్టించుకో, చీరకు తగ్గ రంగు కూడా దొరుకుతుంది. జడ బిగించి బిగించి నుదుటి దగ్గర వెంట్రుక వెనక్కి పోయిన ఆడవాళ్లను చూశావు కదా. పాపిట అప్పుడప్పుడు మారుస్తుండు. పెళ్లికి మాత్రం ఇదే జుట్టు పూలజడకు, జడబిళ్లకు నిలుస్తుంది. పొద్దుటూరులో బంగారు అంగళ్లకు పోయి జడబిళ్ల చూసుకుని, దాన్ని పెట్టుకోవడానికి సవరం వెతుక్కునే గతి నీకు పట్టదు.

స్ట్రెయిటెనింగ్, కెరటిన్ గురించి అడిగేవాళ్లకు ఒకటే చెప్తా. డబ్బు సంగతి పక్కన పెట్టు. 26 ఏళ్ల ఒకామె 2020 జూన్‌లో, 2021 ఏప్రిల్‌లో, 2022 జూలైలో సెలూనులో జుట్టు సాపు చేయించుకుంది. మూడుసార్లూ కిడ్నీ దెబ్బతింది. ఆ క్రీములో ఉన్న గ్లయాక్సిలిక్ యాసిడ్ మాడులోంచి ఒంట్లోకి పోవడమే కారణమని ఫ్రాన్సు వైద్యులు 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాశారు. "ఫార్మాల్డిహైడ్ లేదు" అని డబ్బా మీద ఉంటే సరిపోదన్నమాట. ఏమీ కాకపోయినా, ఆరునెలలకు పైన మూడంగుళాలు నీ సొంత ఒత్తు జుట్టు, కింద సాపు జుట్టు. మళ్లీ డబ్బు కట్టాలి.

జుట్టు ఒక్కసారిగా కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంటే కత్తిరింపు మందు కాదు. రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం మామూలే. కాన్పయ్యాక, డెంగీయో టైఫాయిడో వచ్చి తగ్గాక రెండు మూడు నెలలకు ఎక్కువగా రాలుతుంది, మెల్లగా అదే కుదురుకుంటుంది. అప్పటికీ తగ్గకపోతే ముందు రక్తం చూపించుకో. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రం ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. ప్రభుత్వాసుపత్రిలో పరీక్షకు డబ్బు పడదు. జుట్టు సీరానికి పెట్టే డబ్బుతో ఇంటికి ఆకుకూర, వేరుసెనగ, బెల్లం తెచ్చుకో.

కత్తిరించిన జుట్టును పారేయకు అంటారు కొందరు. నాలుగంగుళాల ముక్కలకు ఏ విలువా లేదు, పారేయి. చిక్కు వెంట్రుకలకు స్టీలు గిన్నెలిచ్చేవాళ్లు వీధిలోకి వస్తే ఉండలు ఇచ్చుకోవచ్చు. ఎప్పుడైనా అడుగు పొడుగున తీయించుకోవాలనిపిస్తే మాత్రం ముందే జడలాగా గట్టిగా కట్టించి, కట్టగా కోయించు. కొనలన్నీ ఒకవైపు ఉన్న కట్టకే ధర. క్యాన్సరు రోగుల విగ్గులకు ఇవ్వాలన్నా పన్నెండంగుళాలకు తగ్గకుండా అడుగుతారు, రంగు వేయని జుట్టయితే మేలు.

దసరా ముందు పొద్దుటూరు పార్లర్లలో నిలబడే సందు కూడా ఉండదు. హడావిడిలో కత్తెర ఎటు పోతుందో ఎవరికీ తెలీదు. కత్తిరించుకునేదుంటే పండగ గుంపు మొదలవ్వకముందే పోయిరా చెల్లీ.