కడుపులో బరువు పెరగని బిడ్డ

నెలలు నిండినా బిడ్డ 1,800 గ్రాములే ఉందని డాక్టరు చెప్పగానే, ఇంట్లో మొదట వచ్చే మాట "కోడలు సరిగా తినలేదు" అని. దయచేసి ఆ మాట అనకండి. తల్లి తిండి, రక్తహీనత, బి.పి., పొగాకు వీటి ప్రభావం ఉంటుంది. కాని తల్లి తిన్నదంతా మాయ గుండానే బిడ్డకు చేరాలి. మాయ సరిగా పనిచేయకపోతే ఆమె ఎంత తిన్నా బిడ్డకు అందేది తక్కువే.

అప్పుడు బిడ్డ శరీరం పొదుపు మొదలుపెడుతుంది. 1990కి అటూ ఇటూగా లండన్ కింగ్స్ కాలేజీ ఆసుపత్రిలో డాక్టర్ నికొలాయిడిస్ బృందం, బిడ్డ గర్భంలో ఉండగానే బొడ్డుతాడు నుండి సన్నని సూదితో రక్తం తీసి పరీక్షించింది. ఎదుగుదల తగ్గిన శిశువుల రక్తంలో చక్కెర, ఇన్సులిన్ తక్కువగా ఉన్నాయి. ఇన్సులిన్ అనగానే మనకు షుగరు జబ్బే గుర్తుకొస్తుంది గాని, గర్భంలో బిడ్డకు కండ, కొవ్వు పట్టించేది అదే. థైరాయిడ్ హార్మోను కూడా తక్కువే. కష్టకాలంలో పెరిగే కార్టిసోల్ మాత్రం ఎక్కువగా ఉంది. అంటే బిడ్డ ఎదుగుదలను తగ్గించుకొని, అందిన కొద్దిపాటి ఆహారాన్ని ముందుగా మెదడుకు, గుండెకు పంపుకుంటుంది. అందుకే ఇలాంటి బిడ్డల్లో చాలామందికి తల మామూలుగానే ఉండి, పొట్ట, కాళ్లు చేతులు సన్నగా ఉంటాయి.

బరువు తక్కువని ఇప్పుడు ఎవరూ అలా రక్తం తీయరు. డాప్లర్ స్కానింగులో బొడ్డుతాడులోని రక్తప్రవాహం చూసి, కాన్పు ఎప్పుడు చేయాలో నిర్ణయిస్తారు.

అసలు జాగ్రత్త పుట్టాక ఉంది. ఈ బిడ్డ కాలేయంలో చక్కెర నిల్వ, చర్మం కింద కొవ్వు చాలా కొద్ది. బొడ్డు కోశాక రక్తంలో షుగరు పడిపోవచ్చు. మరీ పడిపోతే మూర్ఛలు వస్తాయి, మెదడు దెబ్బతింటుంది. ఒక్కోసారి పైకి ఏమీ కనబడదు. అందుకే మొదటి రెండు మూడు రోజులు నర్సమ్మ మాటిమాటికీ మడమ దగ్గర గుచ్చి చుక్క రక్తం తీస్తుంది. "పసిగుడ్డును ఎన్నిసార్లు పొడుస్తారు?" అని అమ్మమ్మలు, నాయనమ్మలు కన్నీళ్లు పెట్టుకోవడం సహజమే. వార్డు బయట ప్రార్థన చేసుకోండి, మేమూ చేస్తాం. ఆ పరీక్షను మాత్రం ఆపకండి.

డాక్టరు వద్దని చెప్పకపోతే గంటలోపు ముర్రుపాలు పట్టించండి. చీకలేకపోతే పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టడం నర్సమ్మ నేర్పుతుంది. తేనె, పంచదార నీళ్లు నాకించవద్దు. వెంటనే స్నానం చేయించవద్దు. తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి పైన గుడ్డ కప్పండి. ఆమె అలసిపోతే తండ్రి గుండెల మీదైనా సరే. వణుకు, మందకొడితనం, పాలు తాగకపోవడం, పాదాలు చల్లబడటం కనబడితే అర్ధరాత్రయినా నర్సును పిలవండి.