థాంక్స్‌గివింగ్ పరుగుకి మీ గ్రూపును సిద్ధం చేయడం ఎలా?

అమెరికాలో నవంబరు నాలుగో గురువారం, అంటే థాంక్స్‌గివింగ్ పండుగ రోజు, పొద్దున్నే ఊరూరా కొన్ని రోడ్లు మూసేస్తారు. పిల్లలు, ముసలివాళ్లు, తోపుడు బండిలో పసిబిడ్డను కూర్చోబెట్టుకున్న తల్లులు అందరూ ఆ రోడ్ల మీదికి వస్తారు. మధ్యాహ్నం టర్కీ కోడితో పండుగ భోజనం ఉంటుంది కాబట్టి పొద్దుటి పరుగుకి 'టర్కీ ట్రాట్' అని పేరు. 1896లో బఫెలో నగరంలో వై.ఎం.సి.ఏ. వాళ్లు దీన్ని మొదలుపెట్టినప్పుడు పరుగెత్తింది ఆరుగురే. బోస్టన్ మారథాన్ పుట్టింది ఆ మరుసటి ఏడు. బఫెలోలో దూరం 8 కిలోమీటర్లు. మిగతా ఊళ్లలో ఎక్కువగా 5 కిలోమీటర్లే, అంటే 3.1 మైళ్లు.

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకి ఇంతకంటే మంచి మొదటి పరుగు దొరకదని నా నమ్మకం. ఆ రోజు ఆఫీసు ఉండదు, బడి ఉండదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు కూడా చాలా ఇళ్లలో ఉంటారు. కాలనీలో పదిమంది కలిస్తే చాలు, గ్రూపు తయారైనట్టే. ఆ గ్రూపు నిలబడాలంటే మాత్రం ఒక్క నియమం మొదటి రోజే అందరూ ఒప్పుకోవాలి: అందరికంటే నెమ్మదిగా వచ్చేవారిని బట్టే మన ప్రణాళిక.

మొదటి పని: ఎనిమిది వారాలు వెనక్కి లెక్కపెట్టడం

పరుగు తేదీ నుంచి వెనక్కి లెక్కేస్తే మీరు మొదలుపెట్టాల్సింది సెప్టెంబరు చివర్లో, లేదా అక్టోబరు మొదట్లో. ఈ రెండు నెలల్లోనే దసరా, దీపావళి, కార్తీకమాసం చాలామటుకు వచ్చిపోతాయి. ఆ సంగతి ముందే ఒప్పుకుని పట్టిక వేసుకోండి. బతుకమ్మ ఆడిన రాత్రి తర్వాత పొద్దున్నే ఆరింటికి ఎవరూ లేవలేరు, ఆ శనివారం గ్రూపు పరుగును ఆదివారానికి జరపండి. కార్తీక సోమవారం ఉపవాసం ఉండేవాళ్లు ఆ రోజు నడక కూడా మానేయవచ్చు. పండుగలతో పేచీ పెట్టుకున్న పట్టిక మూడో వారానికే మూలపడుతుంది.

అదే వారం పేర్లు కూడా నమోదు చేయించండి. చాలాచోట్ల తేదీ దగ్గరపడేకొద్దీ రుసుము పెరుగుతుంది. డబ్బు కట్టిన మనిషి వానొచ్చినా వస్తాడు. ఫారం నింపేటప్పుడు రెండు విషయాలు చూసుకోండి: తోపుడు బళ్లను అనుమతిస్తారా, రోడ్డును ఎంతసేపు మూసి ఉంచుతారు. 5 కిలోమీటర్లు చురుగ్గా నడిస్తే 50 నిమిషాల నుంచి గంట పడుతుంది. మీలో నడిచేవాళ్లకి ఆ సమయం సరిపోవాలి.

షుగరు, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు, చాలా ఏళ్లుగా వ్యాయామం లేనివాళ్లు ముందు డాక్టరుతో మాట్లాడాలి. అమ్మానాన్నల విషయంలో ఇది తప్పనిసరి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు పరుగు రోజు మోతాదు, తిండి ఎలా సర్దుకోవాలో కూడా అడిగి రాసుకోవాలి.

వారానికి మూడు రోజులు

మంగళ, గురువారాల్లో ఎవరికి వారు అరగంట, శనివారం అందరూ కలిసి. అంతకుమించి వద్దు. మొదటి రెండు వారాలు ఒక నిమిషం జాగింగ్, రెండు నిమిషాలు నడక, ఇలా పదిసార్లు. తర్వాతి రెండు వారాలు రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక. ఐదు, ఆరు వారాల్లో మూడు నిమిషాల పరుగుకి ఒక నిమిషం నడక. ఏడో వారం శనివారం 4 నుంచి 5 కిలోమీటర్లు ఇదే లెక్కలో పూర్తి చేయండి. ఎనిమిదో వారం తగ్గించండి: రెండుసార్లు ఇరవై నిమిషాలు చాలు, పరుగుకి ముందురోజు విశ్రాంతి.

మధ్యలో నడవడం ఓటమి అనుకునేవాళ్లు ప్రతి గ్రూపులోనూ ఉంటారు. వాళ్లకి జెఫ్ గాలోవే గురించి చెప్పండి. 1972 ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున 10,000 మీటర్లు పరుగెత్తిన మనిషి ఆయన. పరుగు, నడక కలిపే ఈ పద్ధతిని జనంలోకి తెచ్చింది ఆయనే. అలసిపోయాక నడిస్తే అది ఆగిపోవడం. అలసట రాకముందే నడిస్తే చివరి కిలోమీటరుకి కాళ్లలో సత్తువ మిగులుతుంది.

వేగం ఎంత ఉండాలో తెలుసుకోవడానికి గడియారం అక్కర్లేదు. పక్కవాళ్లతో తెలుగులో కబుర్లు చెబుతూ పరుగెత్తగలగాలి. వాక్యం మధ్యలో తెగిపోతుంటే వేగం ఎక్కువైనట్టు. గ్రూపుతో పరుగెత్తడంలో పెద్ద లాభం ఇదే, కబుర్లు ఆగాయంటే ఎవరో తొందరపడుతున్నారని అందరికీ తెలిసిపోతుంది.

శనివారాల్లో అనుభవం ఉన్న ఒకరు చివరి మనిషి పక్కనే ఉండాలి, వారానికొకరు చొప్పున. ముందు వెళ్లినవాళ్లు మలుపు దగ్గర ఊరికే నిలబడకుండా వెనక్కి వచ్చి వెనకవాళ్లని కలుపుకోవాలి. దీంతో వేగంగా పరుగెత్తేవాళ్లకి దూరం ఎక్కువ వస్తుంది, వెనకవాళ్లకి తోడు దొరుకుతుంది. మా గ్రూపులో మొదటి ఏడాది ఈ పద్ధతి పెట్టుకోలేదు. ముందు పరుగెత్తినవాళ్లు కాఫీ తాగేసి వెళ్లిపోయేవారు. వెనక పడిన ఇద్దరు అక్కయ్యలు మూడో శనివారం నుంచి రాలేదు. ఆ తప్పు నాకు ఇప్పటికీ బాధే. మరుసటి ఏడు వాళ్లింటికి వెళ్లి అడిగి తీసుకొచ్చాం, ఇద్దరూ పూర్తి చేశారు.

బూట్లు, బట్టలు, చీకటి

డబ్బు పెట్టాల్సింది బూట్ల మీదే. పరుగు బూట్లు అమ్మే దుకాణానికి సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. బొటనవేలి ముందు వేలెడు జాగా ఉండాలి. పరుగు నాటికి ఆ బూట్లు కనీసం రెండు మూడు వారాలు వాడి ఉండాలి. నూలు బనియను, నూలు మేజోళ్లు చెమటకి తడిసి బరువెక్కుతాయి, ఒరుసుకుని బొబ్బలు తెస్తాయి. పాలియెస్టర్‌వి వేసుకోండి.

నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో చాలాచోట్ల గడియారం గంట వెనక్కి తిరుగుతుంది. ఆ మర్నాటి నుంచి ఆఫీసు వదిలేసరికే చీకటి. సాయంత్రం పరుగెత్తేవాళ్లు వెలుతురు పడితే మెరిసే జాకెట్టు వేసుకోవాలి, తలకి చిన్న లైటు కట్టుకోవాలి. కాలిబాట లేనిచోట ఎదురుగా వచ్చే కార్లు కనబడేలా రోడ్డుకి ఎడమవైపు పరుగెత్తాలి. కొత్తగా ఇండియా నుంచి వచ్చినవాళ్లకి ఇది ప్రత్యేకంగా చెప్పండి. అక్కడ వాహనాలు ఎడమవైపు నడుస్తాయి కాబట్టి వాళ్ల చూపు ముందు తప్పు దిక్కుకి వెళుతుంది.

కండరాలు పట్టేయడం మామూలే, రెండు రోజుల్లో పోతుంది. ఎముక మీద ఒకేచోట పొడిచినట్టు నొప్పి వస్తే, నడిచినా తగ్గకపోతే ఆపేయాలి. పరుగెత్తేటప్పుడు ఛాతీలో బిగువు, కళ్లు తిరగడం ఉంటే అక్కడే ఆగి సాయం పిలవాలి. గ్రూపు కోసం అని ఎవరూ దాచుకోకూడదు.

ముందురోజు

నంబరు కాగితం, చొక్కా ఉన్న సంచీని సాధారణంగా ఒకటి రెండు రోజుల ముందే ఇస్తారు. ఒక్కరు వెళ్లి అందరివీ తేవచ్చో లేదో కనుక్కోండి. ఆ నంబరు కాగితాన్నే బిబ్ అంటారు. చాలా పరుగుల్లో దాని వెనకే చిప్ అతికించి ఉంటుంది, దాన్ని మడవకూడదు. నాలుగు పిన్నీసులతో చొక్కాకి ముందువైపే పెట్టుకోవాలి. మొదలయ్యేచోట, ముగిసేచోట పరిచిన పట్టీల మీదుగా మీరు దాటినప్పుడే చిప్ సమయం రాసుకుంటుంది. కాబట్టి గుంపులో వెనక నిలబడ్డా మీ సమయం ఏమీ పోదు.

రాత్రి ఎప్పుడూ తినేదే తినండి, కాస్త ముందుగా. చారన్నం, పెరుగన్నం చక్కగా సరిపోతాయి. కారం, వేపుళ్లు, మర్నాటి విందుకి చేసిన మిఠాయిలు ఆ రాత్రికి ముట్టకండి. పొద్దున పరుగుకి రెండు గంటల ముందు రెండు ఇడ్లీలో, ఒక అరటిపండో, అలవాటుంటే కాఫీ. శనివారాల్లో తిని చూడనిది ఏదీ ఆ రోజు కొత్తగా తినవద్దు.

ఆ పొద్దున

గంట ముందే చేరండి. కారు పెట్టుకోవడానికి, టాయిలెట్ల దగ్గర వరుసకి ఆ గంట అయిపోతుంది. వేలమంది ఉన్నచోట ఫోన్లు సరిగా కలవవు, కాబట్టి ఏ చెట్టు కింద, ఏ జెండా దగ్గర కలవాలో ముందురాత్రే వాట్సాప్‌లో చెప్పేయండి. నిలబడినప్పుడు కాస్త చలిగా అనిపించే బట్టలే సరైనవి, పది నిమిషాల్లో ఒళ్లు వేడెక్కుతుంది. ముగిశాక వేసుకోవడానికి మందపాటి స్వెటరు కారులో ఉంచండి, చెమట ఆరేటప్పుడే అసలు చలి పడుతుంది.

వేగంగా పరుగెత్తేవాళ్లు ముందు, నడిచేవాళ్లు, తోపుడు బళ్లవాళ్లు చివర నిలబడాలి. మొదటి మైలే ప్రమాదం. సంగీతం, కేకలు, పక్కవాళ్ల ఊపు చూసి కాళ్లు వాటంతటవే పరుగెడతాయి. శనివారం కంటే నెమ్మదిగా మొదలుపెట్టండి. మైలుకి 12 నిమిషాల చొప్పున వెళ్లినా 37 నిమిషాల్లో ఐదు కిలోమీటర్లు అయిపోతాయి. నడవాల్సి వచ్చినప్పుడు చెయ్యెత్తి, పక్కకి జరిగి నడవండి, వెనకవాళ్లు తగలరు. మంచినీళ్ల బల్ల దగ్గర కూడా ముందుకు సాగి చివరి గ్లాసు అందుకోండి.

గీత దాటగానే పట్టీల మీద ఆగకుండా ఐదు నిమిషాలు నడవండి. నీళ్లు తాగి, స్వెటరు వేసుకుని, మళ్లీ ఆ గీత పక్కకే రండి. మీ గ్రూపులో చివరి మనిషి దాటేవరకు ఎవరూ కారు దగ్గరికి వెళ్లకూడదు. ఫోటో ఆ తర్వాతే.

ఇంకేం కావాలి? మొదలుపెట్టడానికి ముగ్గురు దొరికినా చాలు. వచ్చే శనివారం పొద్దున ఏడింటికి మీ కాలనీ పార్కు దగ్గర కలుద్దామని ఈ రాత్రే ముగ్గురికి ఫోన్ చేయండి. అందులో ఒకరు, ఇంతవరకు ఎప్పుడూ పరుగెత్తనివారై ఉండాలి.