క్లోమ వ్యాధిలో నొప్పి: కారణాలు, కర్తవ్యం

విరిగిన చేతికి కట్టు ఉంటుంది. జ్వరానికి ఉష్ణమాపకం ఉంటుంది. కడుపు లోతులో పుట్టి వెన్నులోనికి చొచ్చుకొనిపోయే నొప్పికి మాత్రం అనుభవించేవాని మాట తప్ప వేరు సాక్ష్యం లేదు. ఆ మాటను ఇంటివారు నమ్మనప్పుడు రోగి బాధ రెట్టింపవుతుంది. దీర్ఘకాలిక క్లోమశోథ అనే వ్యాధి ఇందుకు నిదర్శనం. ఈ వ్యాధి గలవారిలో నొప్పిని కలిగించేవి, పెంచేవి ఏవి, వానిలో మన చేతిలో ఉన్నవి ఎన్ని అనే విషయాన్ని ఈ వ్యాసంలో పరిశీలించదలచాము. మేము భాషాధ్యాపకులమే గాని వైద్యులము కాము. కావున చికిత్స చెప్పుట మా ఉద్దేశం కాదు. వైద్యశాస్త్రం ఇప్పటికి తేల్చిన సంగతులను విద్యార్థులకు తేటగా అందించుటే మా ప్రయత్నం.

క్లోమము - దాని వ్యాధి

తెలుగులో క్లోమమనీ, ఉర్దూలో లబ్‌లబా అనీ పిలిచే ఈ గ్రంథి జఠరానికి వెనుక, వెన్నెముకకు ముందు అడ్డంగా అమరి ఉంటుంది. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. ప్రాచీన ఆయుర్వేద గ్రంథాలలోని 'క్లోమ' శబ్దం ఏ అవయవాన్ని సూచిస్తుందనే విషయంలో పండితులకు భేదాభిప్రాయాలు ఉన్నా, నేటి పరిభాషలో అది పాంక్రియాస్‌కే స్థిరపడింది. ఈ గ్రంథి మధ్యగా సాగే ప్రధాన నాళాన్ని 1642లో ఇటలీలోని పాదువా నగరంలో యొహాన్ విర్సుంగ్ గుర్తించాడు. అందులోని ప్రత్యేక కణసముదాయాలను 1869లో పాల్ లాంగర్‌హాన్స్ వర్ణించాడు. నాళం ద్వారా ప్రవహించే రసం ఆహారాన్ని జీర్ణం చేస్తుంది. కణసముదాయాల నుండి వెలువడే ఇన్సులిన్ రక్తంలోని చక్కెరను అదుపులో ఉంచుతుంది.

శోథ అనగా వాపు. క్లోమానికి మాటిమాటికి వాపు కలిగినప్పుడు మృదువైన కణజాలం నశించి, ఆ స్థానంలో నారవంటి గట్టి కణజాలం పెరుగుతుంది. నాళం కొన్నిచోట్ల ఇరుకై, కొన్నిచోట్ల ఉబ్బుతుంది. సున్నపు రాళ్లు ఏర్పడతాయి. కాలక్రమాన కొవ్వు జీర్ణం కాక మలంలో పోవటం, శరీరం శుష్కించటం, మధుమేహం సంభవిస్తాయి. అయితే ఈ ఉపద్రవాలన్నిటికన్న ముందుగా రోగిని వైద్యుని వద్దకు నడిపించేది చాలామందిలో నొప్పియే.

నొప్పి స్వరూపం

ఈ నొప్పి పొట్ట పైభాగంలో, ఎదురురొమ్ముకు దిగువన మొదలై వెన్నుకు పాకుతుంది. భోజనానంతరం హెచ్చవచ్చు. ముందుకు వంగి కూర్చుంటే కొందరికి కాస్త ఉపశమనం. మన ప్రాంతంలో దీనిని 'గ్యాస్' అనో, 'అల్సర్' అనో భావించి, మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొన్న మాత్రలతో సంవత్సరాలు గడిపేవారు కలరు.

నొప్పి వచ్చే తీరును బట్టి రోగులను స్థూలంగా రెండు వర్గాలుగా విభజించవచ్చును. కొందరికి తీవ్రమైన పోటు వచ్చి కొన్ని దినాలలో తగ్గుతుంది. నడుమ నెలల తరబడి నెమ్మది ఉంటుంది. మరికొందరికి విడువని నొప్పి. ఉత్తర అమెరికాలోని రోగులను పరిశీలించి 2011లో ప్రకటించిన ఒక అధ్యయనం గమనింపదగిన విషయాన్ని వెల్లడించింది. అప్పుడప్పుడు వచ్చే తీవ్రమైన నొప్పికన్న, మందకొడిగానైనా విడువక ఉండే నొప్పియే మనిషి జీవితాన్ని ఎక్కువగా కుంగదీస్తుందట. ఎల్లప్పుడూ ముఖం ముడుచుకొని ఉండే రోగిని చూచి 'ఇతనికి పెద్ద నొప్పి ఏమీ లేదు, స్వభావమే ఇంత' అనుకొనుట ఎంత పొరపాటో దీనివలన గ్రహించవచ్చును.

తాగుడు - నింద

క్లోమశోథ అనగానే తాగుడు జ్ఞాపకం వస్తుంది. పాశ్చాత్య దేశాలలో ఈ వ్యాధికి మద్యమే ప్రధాన కారణంగా పేర్కొనబడుతూ వచ్చింది. మన దేశపు పరిస్థితి వేరు. భారతదేశమంతట నుండి 1086 మంది రోగులను చేర్చి జరిపిన పరిశీలన 2008లో వెలువడింది. అందులో మద్యం కారణమైనవారు నూటికి సుమారు 39 మంది మాత్రమే. నూటికి 60 మందిలో ఏ కారణమూ తేలలేదు.

ఈ సంఖ్యలను మన సమాజం ప్రత్యేకంగా గుర్తుంచుకోవలెను. మద్యాన్ని హరాముగా భావించే ముస్లిం కుటుంబంలో ఒక యువకునికి ఈ రోగం వచ్చిందని తెలియగానే అనుమానపు చూపులు మొదలవుతాయి. చుక్క ముట్టనివాడు దొంగచాటుగా తాగినవాడవుతాడు. యువతి అయితే పెండ్లి సంబంధాలకు భయపడి రోగాన్నే దాచిపెడతారు. నిందకు వెరచి నొప్పిని దాచినవారికి చికిత్స ఆలస్యమవుతుంది. ఆలస్యం స్వయంగా నొప్పికి ఒక కారణమని ముందు చూడబోతున్నాము. అనగా అపనింద కేవలం అన్యాయం మాత్రమే కాదు, ఆరోగ్యానికి హాని కూడా.

నొప్పిని పెంచే కారణాలు

మొదటిది మద్యం. వ్యాధికి మూలం ఏదైనప్పటికీ, వ్యాధి వచ్చిన తరువాత తాగుట కొనసాగిస్తే పోట్లు తిరిగి తిరిగి వస్తాయి. మానివేసినవారిలో కొందరికి నొప్పి పూర్తిగా పోకపోయినా, వ్యాధి ముదిరే వేగం తగ్గుతుంది.

రెండవది పొగాకు. ఇది మద్యానికి తోకగా వచ్చే దురలవాటు మాత్రమేనని వైద్యులు సైతం చాలాకాలం తలచారు. ఇప్పుడు ఆ అభిప్రాయం మారింది. మద్యంతో నిమిత్తం లేకుండానే పొగాకు క్లోమాన్ని చెరుస్తుందనీ, తాగే మోతాదును బట్టి ముప్పు పెరుగుతుందనీ నిర్ధారణ అయింది. పొగతాగేవారిలో సున్నపు రాళ్లు, మధుమేహం త్వరగా ఏర్పడుతాయని 2005లో ప్రకటించిన ఒక అంతర్జాతీయ పరిశీలన తెలిపింది. 'మేము మద్యం ముట్టము' అని తృప్తి చెందుతూ బీడీ, సిగరెట్టు, చుట్ట విడువనివారు ఈ సంగతిని ఆలోచించవలెను. కిళ్ళీలోని జర్దాను, గుట్కాను కూడ నిరపాయమని తలచరాదు.

మూడవది నాళంలోని అడ్డంకి. రాయి అడ్డుపడి రసం నిలిచిపోతే లోపల ఒత్తిడి పెరిగి నొప్పి కలుగుతుందనేది పాత సిద్ధాంతం. అందులో కొంత సత్యం ఉన్నది. క్లోమం ప్రక్కన నీటితిత్తి ఏర్పడటం, పిత్తనాళం గాని చిన్నప్రేవు మొదటి భాగం గాని నొక్కుకొనిపోవటం కూడ నొప్పికి హేతువులే. ఇవి వెదకి చికిత్స చేయదగినవి. అయితే అడ్డంకిని తొలగించినంత మాత్రాన అందరికీ ఊరట కలుగదు. శరీరం బయటి నుండి ఘాత తరంగాలతో రాళ్లను పగులగొట్టి, ఎండోస్కోపీ ద్వారా నాళాన్ని శుభ్రపరచే పద్ధతిని హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు ఉత్తుత్తి చికిత్సతో పోల్చి పరీక్షించారు. 2024లో ప్రకటించిన ఫలితాల ప్రకారం 12 వారాలకు కొంత ఉపశమనం కనిపించింది. 24 వారాలకు ఆ భేదం నిలువలేదు.

నాల్గవది నాడులలోని మార్పు. దీర్ఘకాలం వాపు ఉన్న క్లోమంలోని నాడులు లావెక్కి, వాని చుట్టూ ఉండే రక్షణ పొర దెబ్బతింటుందని 1980ల నుండి పరిశోధకులు చూపుతున్నారు. ఎడతెగక వార్తలు మోసిన నాడులు, వాటిని అందుకొనే వెన్నుపాము, మెదడు క్రమంగా సున్నితమవుతాయి. అప్పుడు చిన్న ప్రేరణ కూడ పెద్ద బాధగా తోస్తుంది. నిప్పు ఆరినా కాలిన చర్మం మండుతూ ఉండుట వంటిదే ఇది. కొన్ని నాడీసంబంధమైన మందులు ఈ వ్యాధిలో ఉపకరించుటకు కారణం ఇదే.

అయిదవది వయస్సు, జన్మతః వచ్చిన లక్షణాలు. కారణం తెలియని క్లోమశోథ చిన్నవయస్సులో మొదలైనవారిలో తొలినుండియే నొప్పి తీవ్రంగా ఉంటుందనీ, వార్ధక్యంలో మొదలైనవారిలో నొప్పి అసలు లేకపోవటం కూడ తరచు జరుగుతుందనీ 1994లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు వెల్లడించారు. జన్యువుల పాత్ర కూడ స్పష్టమైనది. ట్రిప్సిన్ అనే జీర్ణరసం క్లోమాన్నే జీర్ణించుకొనకుండా కాపాడే స్పింక్-1 అనే జన్యువులోని లోపానికి, ఉష్ణదేశాలలో కనిపించే రాళ్ల క్లోమవ్యాధికి సంబంధం కలదని హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధకులు 2002లో చూపించారు. పుట్టుకతో వచ్చిన లోపానికి ఎవరిని నిందించగలము?

ఆరవది మనఃస్థితి. విచారం, ఆందోళన, నిద్రలేమి నొప్పిని హెచ్చిస్తాయి. నొప్పి తిరిగి వాటిని హెచ్చిస్తుంది. నొప్పి కల్పితమని దీని అర్థం కాదు. మనస్సుకు చికిత్స చేయుట నొప్పికి చికిత్సలో భాగమని మాత్రమే అర్థం.

ఏడవది ఆలస్యం. నెదర్లాండ్స్ వైద్యులు 2012లో తెలిపినదేమనగా, లక్షణాలు కనిపించిన మూడు సంవత్సరాలలోపు శస్త్రచికిత్స పొందినవారికి, అంతకుముందు నల్లమందు వర్గపు మందులు వాడనివారికి ఎక్కువ ఉపశమనం కలిగినది. ఎండోస్కోపీతో మొదలిడుటకన్న ముందుగానే శస్త్రచికిత్స చేసినవారిలో నొప్పి తక్కువగా ఉన్నదని 2020లో ఆ దేశంలోనే జరిగిన మరొక పరీక్ష చూపినది. అందరికీ శస్త్రచికిత్స అవసరమని కాదు. తగినవారి విషయంలో నిర్ణయాన్ని ఏండ్ల తరబడి వాయిదా వేయరాదని దీని సారాంశం. మార్ఫిన్ వంటి మందులు దీర్ఘకాలం వాడితే కొందరిలో అవియే నొప్పిని పెంచుతాయి. మలబద్ధకం, వ్యసనం అదనపు బాధలు. వాటిని వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెను. మానుట కూడ ఆయన సలహాతోనే.

స్కాన్ చెప్పని మాట

పై కారణాలను కలిపి చూస్తే ఒక ముఖ్యాంశం బోధపడుతుంది. క్లోమం ఎంత చెడినదనే దానికి, నొప్పి ఎంత ఉన్నదనే దానికి సరియైన లెక్క కుదరదు. స్కాన్‌లో కనిపించే మార్పులకు, రోగి చెప్పే నొప్పి తీరుకు, తీవ్రతకు పొంతన లేదని 2015లో ఉత్తర అమెరికా పరిశోధకులు ప్రకటించారు. గ్రంథినిండ రాళ్లు ఉండి సుఖంగా ఉన్నవారు కలరు. స్కాన్‌లో స్వల్పమైన మార్పే కనిపించి నిద్రలేక విలవిలలాడేవారూ కలరు. కావున 'స్కాన్‌లో పెద్దగా ఏమీ లేదు గదా' అనుట రోగికి సమాధానం కాజాలదు.

కొన్ని సంవత్సరాలకు గ్రంథి పూర్తిగా చెడి నొప్పి దానంతట అదే ఆరిపోతుందనే అభిప్రాయం కూడ ఒకటి ఉన్నది. 1984లో జూరిచ్ నగరపు వైద్యుడు అమ్మన్ దీనిని ప్రతిపాదించాడు. కాని పది సంవత్సరాలు దాటినా నొప్పి వీడని రోగులు అనేకులని 1993లో జర్మనీ వైద్యులు చూపించారు. ఓపిక పట్టమని చెప్పుటే చికిత్స కాదని దీనివలన తేలుతున్నది. ఇక చిరకాలపు నొప్పి తీరు హఠాత్తుగా మారినా, బరువు వేగంగా తగ్గినా, కామెర్లు తోచినా వెంటనే వైద్యునికి చూపవలెను. ఈ వ్యాధి గలవారికి క్లోమ కాన్సర్ ముప్పు ఇతరులకన్న ఎక్కువ.

ధర్మసందేహాలు

మన పాఠకులకు ఉపయోగపడే రెండు విషయాలు చెప్పవలసి ఉన్నది. జీర్ణశక్తి నశించిన రోగులకు వైద్యులు ఇచ్చే ఎంజైము గుళికలు చాలావరకు పంది క్లోమం నుండి తయారైనవి. ఈ సంగతి తెలిసి కొందరు ముస్లిం రోగులు ఎవరికీ చెప్పకుండా వాటిని మానివేస్తారు. తత్ఫలితంగా ఆహారం ఒంటబట్టక, కడుపు ఉబ్బరించి, నీరసించి, నొప్పిని తట్టుకొనే శక్తినే కోల్పోతారు. ప్రత్యామ్నాయం లేని అవసరంలో నిషిద్ధానికి సడలింపు కలదని పవిత్ర ఖురాన్ స్వయంగా చెప్పుచున్నది. ఆ సూత్రాన్ని అనుసరించి ఇటువంటి ఔషధాలను అనుమతించిన ధార్మిక పండితులు అనేకులు. సందేహం గలవారు వైద్యుని, ఆలిమును ఇద్దరినీ సంప్రదించవలెను గాని మౌనంగా మానరాదు.

రెండవది రంజాన్ ఉపవాసం. రోగులు ఇతర దినాలలో ఉపవాసాన్ని పూర్తి చేసుకొనే వెసులుబాటు కూడ ఖురాన్‌లోనే ఉన్నది. క్లోమశోథతో పాటు మధుమేహం, ఇన్సులిన్ ఉన్నవారు నెల ఆరంభానికి ముందే వైద్యుని సలహా పొందుట వివేకం.

మన కర్తవ్యం

పైన పేర్కొన్న ఏడింటిలో వయస్సు, జన్యువులు మన చేతిలో లేవు. మద్యం, పొగాకు రోగి చేతిలో ఉన్నవి. అడ్డంకి, నాడులు వైద్యుని చేతిలో ఉన్నవి. మనఃస్థితి, ఆలస్యం మాత్రం రోగి చుట్టూ ఉన్న మనందరి చేతిలో ఉన్నవి. నొప్పితో తరగతికి రాలేకపోయిన సహాధ్యాయిని సోమరి అనకుండుట, మాటిమాటికి కడుపునొప్పి అని చెప్పే చెల్లెలిని నటిస్తున్నదని తోసివేయక ఆస్పత్రికి తీసుకొనిపోవుట, తాగినవానిని సైతం నిందించుటకు ముందు అతని బాధకు సహాయపడుట ఏ విద్యార్థికైనా సాధ్యమైన పనులే. కళాశాల కార్యవర్గం వారు ఆవరణలోను, ద్వారం చెంతను పొగాకు విక్రయం లేకుండా చూచి, ఏటేటా జరిపే ఆరోగ్య పరీక్షలలో కడుపునొప్పి గల విద్యార్థులను ప్రత్యేకంగా పరిశీలింపజేస్తే ఎంతో మేలు కలుగుతుంది.

రోగి చెప్పిన మాటను నమ్ముట చికిత్సలో మొదటి మెట్టు. దానికి మందు ఖర్చు లేదు, వైద్యవిద్య అక్కరలేదు.