సున్నపు బట్టీలో తెగే బంధం

పల్నాటి నేలలో సున్నపురాయి మెండు. పిడుగురాళ్ళ బట్టీలలో దానిని కాల్చి సున్నం తీస్తారు. స్వచ్ఛమైన రాయి 100 కిలోలు పూర్తిగా కాలిస్తే మిగిలే సున్నం 56 కిలోలే. తక్కిన 44 కిలోలు ఏమైనట్లు?

సున్నపురాయి అంటే కాల్షియం కార్బొనేటు. కాల్షియం, కార్బొనేటు అయాన్ల మధ్య ఉన్నది అయానిక బంధం. కార్బొనేటు లోపల కార్బన్‌ను, మూడు ఆక్సిజన్ పరమాణువులను కలిపేవి సమయోజనీయ బంధాలు. సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడికి ఒక ఆక్సిజన్ కార్బన్‌ను విడిచి కాల్షియం దగ్గరే ఉండిపోతుంది. మిగిలిన కార్బన్ డయాక్సైడు గాలిలో కలుస్తుంది. అదే ఆ 44 కిలోలు! రసాయన చర్యలో పరమాణువులు నశించవు, బంధాలే మారుతాయి.

కాల్చిన సున్నం మీద నీరు పోస్తే తీవ్రమైన వేడి పుట్టి సలసల కాగుతుంది. దగ్గరకు వెళ్ళకండి. కంట్లో పడితే చూపే పోవచ్చు. వెంటనే ధారగా నీటితో కడుగుతూ డాక్టరు వద్దకు తీసుకుపోవాలి.

గోడకు వేసిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును తీసుకొని మెల్లగా మళ్ళీ కాల్షియం కార్బొనేటు అవుతుంది. ఈ మూడు చర్యలకు సమీకరణాలు మీరే రాయండి.